అనహైము నగరమున ఆటల తిరునాళ్లు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పడమటి సముద్రపు టొడ్డున నున్న కాలిఫోర్నియా రాష్ట్రమున, లాస్ ఏంజెలిస్ మహానగరమునకు ఆగ్నేయముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున అనహైము అను నగరము గలదు. మన దేశమునుండి యచ్చటికి బోవువారిలో పెక్కుమంది డిస్నీలాండు వినోదవనమును జూచుటకు వత్తురు; పిల్లలు గలవారు తప్పక వత్తురు. మేమును దానిని జూచితిమి. కాని సోదరీమణులకు మేమిపుడు చెప్పదలచినది దానినిగూర్చి కాదు. ఆ వనమునకు దక్షిణముగా, కటెల్లా యను రాజమార్గమున కావలిప్రక్కన, గొప్ప సభామందిర మొకటి యున్నది. అందు వీడియో ఆటలు తయారుచేయు కంపెనీ యొకటి 2005వ సంవత్సరము మొదలు తన తిరునాళ్లను జరుపుకొనుచు వచ్చినది. ఆ తిరునాళ్లకంటె, దానికి ముందు జనులు పెంచుకొను నాశలే చూడదగినవని మాకు దోచినది.

ఆశపెట్టుకొని కాచుకొనుట యీ యూరికి క్రొత్త గాదు. 1857వ సంవత్సరమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి జర్మను కుటుంబములవారు కొందరు ఒక సంఘముగా నేర్పడి, ద్రాక్షతోటలు వేయవలెనని యిచ్చట ఎకరము 2 డాలర్ల చొప్పున 1,165 ఎకరముల బయలు కొనిరి. ప్రక్కన శాంతా అనా యను నది పారుచున్నది. ఆ పేరిలోని ‘అన’కు తమ భాషలో ఇల్లు అని యర్థమిచ్చు ‘హైము’ను జేర్చి యూరికి బేరు పెట్టుకొనిరి. పశువులు తోటలలో బడకుండ ఊరిచుట్టును విల్లో చెట్ల కొమ్మలు వేలకొలదిగా నాటిరి. ఆ కొమ్మలు చిగిర్చి సజీవమైన కంచె యయ్యెను. ఆ పొలిమేరలు నేటికిని ఉత్తరపు వీధి, దక్షిణపు వీధి, తూర్పు వీధి, పడమటి వీధి యను పేర్లతో నిలిచియున్నవి.

తోటలు ఫలించినవి, సారాయము నలుదెసలకును బోయినది. ఇంతలో 1880 తరువాత ఒక తెగులు సోకి ద్రాక్షతీగలన్నియు మాడిపోయినవి. ఆ తెగులును చాలకాలము ‘అనహైము జబ్బు’ అనియే పిలిచిరి. జనులు మరల ధైర్యము దెచ్చుకొని నారింజతోటలు వేసిరి. 1955 జులై 17వ తేదీన వాల్ట్ డిస్నీ తెరచిన వినోదవనము అట్టి నారింజతోటల స్థలముననే లేచినది. సభామందిరము 1967లో గట్టబడినది.

ఈ యూరి కథలో ఒక స్త్రీయు గలదు. పోలెండు దేశపు రంగస్థలమున మిక్కిలి ప్రసిద్ధి గాంచిన నటి హెలెనా మొద్జెస్కా 1876లో భర్తతోను మిత్రులతోను వచ్చి యీ ప్రాంతమున సేద్యము చేయ మొదలిడినది. పొలము, పాడి, స్వేచ్ఛ, తోడుగా సాహిత్యగోష్ఠి యని వారు కలలు గనిరి. సేద్యము తెలిసినవా రొక్కరును లేరు గనుక తెచ్చిన ధనము కరగిపోయెను. ఆమె మాత్రము క్రుంగిపోలేదు. ఆంగ్లము నేర్చుకొని, మరుసటి యేడే శాన్‌ఫ్రాన్సిస్కోలో రంగమెక్కి, అమెరికాలో గొప్ప నటి యనిపించుకొనెను. ఆశ విఫలమైనప్పుడు చేతనున్న విద్యయే యాదుకొన్నది.

ఇక ఆటల కంపెనీ సంగతి. లాస్ ఏంజెలిస్‌లోని విశ్వవిద్యాలయమున జదివిన ముగ్గురు యువకులు, ఆలెన్ ఆదమ్, మైకేల్ మోర్హైమ్, ఫ్రాంక్ పియర్స్ అనువారు, 1991లో దీనిని స్థాపించిరి. తరువాత దీనికి బ్లిజర్డ్ అని పేరు పెట్టిరి. మంచు తుఫాను అని యా మాటకు అర్థము. సాధారణముగా మంచు గురియని ఈ సీమలో ఆ పేరు వింతగనే యుండును. కంపెనీ కార్యాలయము అనహైమునకు దగ్గరనున్న అర్వైను నగరమున గలదు. మన తెలుగు కుటుంబములును ఆ నగరమున పెక్కు గలవు. 2004 నవంబరులో ఈ కంపెనీవారు ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అను నాటను వెలువరించిరి. పూర్వపు వీడియో ఆటలవలె ఇది యొక్కరు కూర్చుండి యాడి ముగించునది కాదు. వేలకొలది జనులు తమ తమ యిండ్లలోని కంప్యూటర్ల యెదుట గూర్చుండి, ఒకే కల్పితలోకమున నేకకాలమున సంచరింతురు. అందు కూటములు కట్టుదురు, స్నేహములు చేయుదురు, కొందరు పెండ్లాడినవారును గలరు. ఇట్లు ముఖములు చూచుకొనకయే స్నేహితులైనవారు ఏడాది కొకమారు ఎదురుపడుటకు ఒక చోటు కావలసివచ్చెను. బ్లిజ్‌కాన్ అను నీ యుత్సవమునకు అదియే మూలబలము.

మొదటి యుత్సవము 2005 అక్టోబరు 28, 29 తేదీలలో జరిగెను. సుమారు 8,000 మంది వచ్చిరి. తరువాతి కాలమున ఆ సంఖ్య 30,000 దాటినది. ప్రతి సంవత్సరము జరుగుట మర్యాద యైనను నడుమ గొన్ని యేండ్లు ఆగిపోయినది. మేము చూచినది 2023 నవంబరు 3, 4 తేదీలలో జరిగిన యుత్సవము. దానికి ముందు నాలుగేండ్లు ఆ మందిరమున ఈ తిరునాళ్లు జరుగలేదు.

మన యూళ్లలో తిరునాళ్లకు బోవువాడు ఏమి చూచునో యెరిగియే బోవును. దేవుని రథము నిరుటివలెనే కదలును. అందుననే యానందము గలదు. అనహైములో నట్లు గాదు. వచ్చు సంవత్సరములలో ఏ యాటలు రానున్నవో కంపెనీవారు తొలినాటి ప్రారంభసభలో వెల్లడింతురు. అంతవరకు నది రహస్యము. టిక్కెట్లు మాత్రము కొన్ని నెలలకు ముందే యమ్ముదురు. 2023లో సామాన్యమైన టిక్కెట్టు 299 డాలర్లు, అనగా మన ధనములో సుమారు 25,000 రూపాయలు. ప్రయాణము, బస, భోజనము దీనికి వేరు.

మాకు ఆతిథ్యమిచ్చిన బంధువుల యింట నొక పిల్ల యున్నది. కళాశాలలో జదువుచు, తీరిక దొరికినప్పుడెల్ల ఈ యాట యాడును. ఉత్సవమున వేసికొనుటకు ఆటలోని యొక వీరవనిత వేషమును ఆమె నాలుగు నెలలు కూర్చుండి స్వయముగా గుట్టుకొన్నది. రేకువలె గన్పట్టు కవచము దగ్గరకు బోయి చూచినచో మెత్తని రబ్బరుపలక. దానిని వేడిచేసి వంచి, రంగు పూసి, అంచున జలతారు కుట్టినది. పాతికమందికి వండిపెట్టగల యిల్లాలును ఆ పనితనము చూచిన మెచ్చుకొనక మానదు. ముందురాత్రి యామె మాతో, “రేపు ఏం చెబుతారో ఎవరికీ తెలియదు పెద్దమ్మా, అందుకే నిద్ర పట్టడం లేదు” అన్నది. తల్లి మెల్లగా మా చెవిలో, “ఏం చూపిస్తారో చెప్పకుండానే డబ్బు పుచ్చుకున్నారక్కయ్యా. మనం చీర కొంటే మడత విప్పి చూడకుండా కొంటామా?” అన్నది. తల్లి మాటయు, బిడ్డ మాటయు రెండును నిజమే.

ఆ నెలలలో అభిమానులు చేయు పని చిత్రముగా నుండును. కంపెనీవారు ఉద్యోగమునకై ప్రకటన యిచ్చినచో, అందలి మాటలనుబట్టి ఏ యాట తయారగుచున్నదో యూహింతురు. చిత్రమొకటి వెలువడినచో అందలి నీడలను, మూలనున్న యక్షరములను పరిశీలింతురు. ఒకరి యూహ పదుగురి నోట బడి వదంతి యగును. వదంతి పదిదినములు నిలిచినచో వాగ్దానముగా మారును. ఎవరును చేయని యా వాగ్దానము నెరవేరనప్పుడు మాత్రము కోపము కంపెనీమీదికి బోవును.

దీనికి 2018వ సంవత్సరమున జరిగినది మంచి దృష్టాంతము. ‘డయాబ్లో’ యను నాటకు మూడవ భాగము 2012లో వచ్చినది. నాలుగవ భాగమునకై జనులు ఆరేండ్లు గాచుకొనియుండిరి. ఆ వేసవిలో కంపెనీవారు డయాబ్లోకు సంబంధించిన పనులు పెక్కు జరుగుచున్నవని చెప్పిరి. ఆ యొక్క మాటతో ఆశ రెక్కలు గట్టుకొనెను. ఉత్సవము దగ్గరపడినకొలది ఆ వేడి యెంతయున్నదో కంపెనీవారికిని దెలిసినది. అక్టోబరులో, అన్ని విశేషములును ఇప్పుడే చెప్పజాలము, ఓపిక పట్టుడని యొక ప్రకటన చేసిరి. ఆశపడినవా డట్టి మాటను వినడు; ‘అన్నియు చెప్పరట, కొన్ని చెప్పుదురట’ యని తనకు గావలసినట్లు దిద్దుకొనును.

నవంబరు 2వ తేదీన ప్రారంభసభ చివర, మిక్కిలి గొప్పదానికి విడిచియుంచు స్థానమున, ‘డయాబ్లో ఇమ్మోర్టల్’ అను క్రొత్తయాటను జూపిరి. అది సెల్‌ఫోనులో నాడుకొను నాట. సభ చిన్నబోయినది. అటుపిమ్మట ప్రశ్నలు అడుగువేళ నొక యువకుడు లేచి, ఇది యకాలమున చేసిన ఏప్రిల్ పరిహాసమా యని యడిగెను. కంప్యూటరుపై నాడుకొనుటకు వీలుండదా యని మరియొకరు అడుగగా, ఉండదని చెప్పిరి. జనులు హేళనధ్వనులు చేసిరి. అప్పుడు వేదికపైనున్న రూపకర్త, మీకు ఫోనులు లేవా యని యెదురుప్రశ్న వేసెను. ఆ మాట లోకమంతటను బాకినది. తరువాతి సోమవారము కంపెనీ వాటాల ధర సుమారు 7 శాతము పడిపోయెను.

న్యాయముగా జూచినచో ఫోనులో నాడు ఆట పాపము కాదు. 2022 జూనులో అది వెలువడినప్పుడు కోట్లకొలది జనులకు జేరినది. కాని యాపూట ఆ మందిరమున గూర్చుండినవారు వందలకొలది డాలర్లు వెచ్చించి, ఏండ్ల తరబడి కంప్యూటరు యెదుట నాడినవారు. పెండ్లివారికి విస్తరి వేసి, పొరుగూరివారికి వండిన వంటను వడ్డించినట్లయినది. వంటలో లోపము లేదు. విస్తరి వేసిన చోటు తప్పు. వారు కోరిన నాలుగవ భాగము మరుసటి యేడు అదే వేదికపై ప్రకటింపబడి, 2023 జూనులో వెలువడినది.

దీనికి భిన్నముగా, ఆశించనిది లభించిన సంవత్సరమును గలదు. ఏండ్లకొలది శ్రమించిన ‘టైటన్’ అను నాటను మానుకొంటిమని కంపెనీవారు 2014 సెప్టెంబరులో జెప్పిరి. జనులు నిరాశతో నుండగా, ఆ నవంబరులో, ఆ శిథిలములనుండి తీసిన ‘ఓవర్‌వాచ్’ అను నాటను జూపి సభను ఉఱ్ఱూతలూగించిరి. దాని రెండవ భాగమును 2019లో ప్రకటించునప్పుడు, పదుగురు కలసి కథగా నాడుకొను పెద్దభాగ మొకటి యుండునని చెప్పిరి. 2023 మే నెలలో, ఆ భాగమును అనుకొన్న రూపమున తీసికొనిరామని చెప్పివేసిరి. ఒకే యాట యొకమారు ఆశను మించినది, మరియొకమారు ఆశను ముంచినది.

జనుల పట్టుదల గెలిచినదియు నుండినది. 2013లో ఒక యభిమాని లేచి, ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆటను దాని పాతరూపమున మరల నాడుకొనునట్లు చేయుదురా యని యడిగెను. వేదికపై నున్న అలెన్ బ్రాక్ అను నధికారి, మీకు కావలెనని మీ రనుకొనుచున్నారు, నిజముగా మీకు వలదు, అను నర్థము వచ్చునట్లు బదులిచ్చెను. అభిమానులు ఊరకుండలేదు; పాతరూపమున తామే నడుపుకొన్న యొక యాటశాల 2016లో మూతపడినప్పుడు లక్షల సంతకములతో విన్నపము పంపుకొనిరి. 2017లో అదే అధికారి అదే యుత్సవమున ఆ పాతయాటను మరల దెచ్చుచున్నామని ప్రకటించెను. 2019 ఆగస్టులో అది వెలువడినది. కావలసినదేదో తినువానికే తెలియును గాని వడ్డించువానికి దెలియదు.

ఇప్పుడు మేము మఱి ముఖ్యముగా జెప్పదలచిన సంగతికి వత్తుము. 2010 అక్టోబరులో జరిగిన యుత్సవమున రెండు ప్రశ్నలు వచ్చినవి. ఒకటి ఎఱ్ఱచొక్కా తొడిగిన యువకుడు వేసినది. క్రొత్తగా ఏర్పడు మరుగుజ్జుల పాలకమండలిలో ఫాల్‌స్టడ్ అను పాత్ర యేమాయెనని యడిగెను. కథకులు అతడు మరణించెనుగదా యన్నట్లు తడబడిరి. కాదు, బ్రదికియున్నాడని యువకుడు నిదర్శనము చూపెను. కంపెనీవారు దీనికి నొచ్చుకొనక, ఆ పాత్రను ఆటలో నుంచుటయేగాక, దాని ప్రక్కన ఎఱ్ఱచొక్కా ధరించిన సత్యపరిశోధకుడను చిన్నపాత్రను గూడ నిలిపి, ఆ యువకుని గౌరవించిరి.

రెండవ ప్రశ్న నొక స్త్రీ యడిగినది. ఆటలోని వీరవనితలు ధైర్యశాలినులై యుండుట నాకిష్టమేగాని, లోదుస్తుల వ్యాపారపు బొమ్మలపుస్తకమునుండి దిగివచ్చినట్లు గాక వేరురీతిగా నుండు స్త్రీలు ఇకనైన గలరా యని యామె యడిగినది. వేదికపై నున్న పురుషులు నవ్విరి. ఏ పుస్తకమునుండి దిగివచ్చినట్లుండవలె నని యొకరు పరిహాసమాడిరి. సభలో కేకలు లేచినవి. ప్రశ్నకు బదులు లేకయే మరియొక ప్రశ్నకు బోయిరి. ఒకే యేడు, ఒకే కప్పుక్రింద, ఒక యభిమాని యడిగినది పాత్రకు ప్రాణము పోసినది. మరియొకరు అడిగినది నవ్వులపాలైనది.

పదునొకం డేండ్లకు, 2021 జులైలో, కాలిఫోర్నియా ప్రభుత్వశాఖ యొకటి బ్లిజర్డ్ మాతృసంస్థపై వ్యాజ్యము వేసినది. స్త్రీలకు జీతములందును, పదవులందును అన్యాయము జరిగినదనియు, వేధింపులు సాగినవనియు ఆరోపించినది. కంపెనీవారు తొలుత ఖండించిరి. అర్వైనులోని కార్యాలయపు టావరణమున తోడేలుపై నెక్కిన యోధుని కంచువిగ్రహ మొకటి సుమారు 12 అడుగుల యెత్తున నున్నది. దానిచుట్టును కంపెనీ యాశయములను ఫలకములపై చెక్కించియుంచిరి. ప్రతి కంఠమునకును విలువ గలదు అని వానిలో నొకటి. వ్యాజ్యము వచ్చిన దినములలో ఉద్యోగులు కొందరు ఆ ఫలకమును, మరికొన్నిటిని కాగితములతో గప్పివైచిరి. జులై 28వ తేదీన పనిమాని వెలుపలికి వచ్చి వీధిలో నిలిచిరి. అప్పుడే 2010 నాటి యా పాతచిత్రము మరల బైటకు వచ్చి లోకమంతయు జూచినది. ఆగస్టులో అలెన్ బ్రాక్ అధ్యక్షపదవిని వదలెను. 2023 డిసెంబరులో, తప్పు నొప్పుకొనకయే, సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్లు చెల్లించుటకు కంపెనీవారు ప్రభుత్వముతో రాజీపడిరి. 2024 ఫిబ్రవరిలో జోహానా ఫేరీస్ అను స్త్రీ బ్లిజర్డ్ అధ్యక్షురాలైనది.

మేము 2023లో ఆ మందిరమున నడచునప్పుడు ఈ సంగతులన్నియు మనస్సున మెదలుచునే యుండెను. వెలుపల ఖర్జూరపుజాతి చెట్ల వరుసలు. వానిక్రింద ఎఱ్ఱగుడ్డలవారు హోర్డు పక్షమనియు, నీలిగుడ్డలవారు అలయన్సు పక్షమనియు అరచుచు, నవ్వుచు నుండిరి. చంకబిడ్డలతో వచ్చిన తల్లులను గంటిమి; నెరసిన తలలవారిని గంటిమి. స్త్రీలు తక్కువయేమియు గారు. ప్రారంభసభలో, పూర్వము కంపెనీ విడిచిపోయి తిరిగివచ్చిన కథకుడు క్రిస్ మెట్జెన్ వేదికపైకి రాగా హర్షధ్వానములు మిన్నుముట్టినవి. ఆయన ఒక ఆటకు మారుగా, వరుసగా వచ్చు మూడుభాగముల కథను ప్రకటించెను. ఈసారి యాశకు మించినదే లభించినదని మా పిల్ల కన్నులు జెప్పినవి. తల్లి మాత్రము, “మూడూ వచ్చేదాకా నేను నమ్మను” అన్నది. 2024, 2025 సంవత్సరములలో ఉత్సవము జరుగలేదు. 2026 సెప్టెంబరు 12, 13 తేదీలను తరువాతి యుత్సవమునకు నిర్ణయించి ప్రకటించిరి.

మన యిండ్లలోను పిల్లలు ఇట్టి యాటలకై యెదురుచూచువారే. వారిని వెక్కిరించుటవలన లాభము లేదు. ఆ యెదురుచూపులో స్నేహము, కుట్టుపని, కథాపరిశ్రమ యింత గలదని మేము చూచితిమి. చెప్పవలసినవి మూడే. చేసి చూపని వస్తువునకు ముందుగా ధనమీయవలదు. అంగడివాడు ఓపిక పట్టుమని యొకమారు చెప్పినచో ఆ మాటను మాటగానే వినవలెను. ఆడపిల్ల లేచి ప్రశ్న వేసినప్పుడు, ఇంటనైనను సభనైనను, నవ్వక బదులుచెప్పు నలవాటును మగపిల్లలకు మనమే నేర్పవలయును. దానికి ఏ యుత్సవమును అక్కరలేదు.

అనహైమునకు బోవు సోదరీమణులు డిస్నీలాండుతో దిరిగిరాక, పడమటి వీధిలోనున్న ‘తల్లికాపురపు ఇల్లు’ అను చిన్న కొయ్యయింటినిగూడ జూడవలెను. 1857లో నూరిని కొలిచి గీతలు గీసిన జార్జి హాన్సెన్ కట్టిన యిల్లది. ఇప్పుడు ప్రదర్శనశాలగా నున్నది. ద్రాక్షతీగలు మాడిపోవునని యెరుగని దినములలో గట్టిన గోడలవి. నవంబరులో అచ్చట ఎండ తీక్ష్ణముగా నుండదు. సాయంకాలము చలిగాలి వీచును గనుక శాలువ యొకటి దగ్గర నుంచుకొనుట మంచిది.